ఊపిరి ముందా, గుండె ముందా? హైదరాబాదులో క్లోరోఫారం పరీక్ష
(రూపాబాయి ఫుర్దూన్జీ స్మారకోపన్యాస పాఠం)



మన సినిమాల్లో దొంగ వెనకనుంచి వస్తాడు. జేబురుమాలు ముక్కుకు అదుముతాడు. రెండు లెక్కపెట్టేలోగా కథానాయిక వాడి చేతుల్లో వాలిపోతుంది. ఆ రుమాలులో ఉన్నది క్లోరోఫారమని ప్రేక్షకుడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. అసలు సంగతి వేరు. రుమాలు మీద పోసిన క్లోరోఫారంతో మనిషి పూర్తిగా స్పృహ తప్పాలంటే కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ కొన్ని నిమిషాల్లో, మనిషి ఇంకా పూర్తిగా మత్తులో మునగకముందు, గుండె ఉన్నట్టుండి ఆగిపోయే ప్రమాదం ఉంది. అది ఎందుకు ఆగుతుందో తేల్చడానికి ప్రపంచానికి అరవై ఏళ్ళకు పైగా పట్టింది. ఆ అరవై ఏళ్ళ మధ్యలో ఒక అధ్యాయం మూసీ ఒడ్డున జరిగింది.

ఆ అధ్యాయంలో రూపాబాయి ఫుర్దూన్జీ ఉన్నారు. ఆమె హైదరాబాదు పార్శీ. 1885లో హైదరాబాదు మెడికల్ స్కూలు ఆడపిల్లలకు తలుపులు తెరిచినప్పుడు చేరిన ఐదుగురిలో ఒకరు. 1889లో ‘హకీం’ పట్టా అందుకున్నారు. రెసిడెన్సీ ఆసుపత్రిలో, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో, విక్టోరియా జనానా ఆసుపత్రిలో రోగులకు క్లోరోఫారం ఇచ్చే పని చేశారు. ప్రపంచంలో తొలి మహిళా మత్తువైద్యురాలు ఆమేనని వైద్య చరిత్ర రాసేవారు చాలామంది చెబుతారు. మత్తువైద్యానికి వేరే చదువంటూ లేని కాలమది. మందు ఆవిరి ఎలా నడుస్తుందో, ఒంట్లో ఏం చేస్తుందో తెలియాలంటే భౌతిక, రసాయన శాస్త్రాలే దిక్కు. వాటి కోసం 1909లో ఆమె ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి ఓడ ఎక్కారు. తిరిగి వచ్చి 1920లో చాదర్‌ఘాట్ ఆసుపత్రి సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేశారు.

ఆమె చేతిలోని సీసాకూ ఎడిన్‌బరోకూ పాత చుట్టరికం ఉంది.

ఒక కార్బన్, ఒక హైడ్రోజన్, మూడు క్లోరిన్ పరమాణువులు. క్లోరోఫారం అంటే అంతే. 1831 ప్రాంతంలో అమెరికాలో, ఫ్రాన్సులో, జర్మనీలో ముగ్గురు వేరువేరుగా దాన్ని తయారుచేశారు. మత్తుమందుగా అది పనికొస్తుందని ఆ ముగ్గురికీ తెలియదు. 1846 అక్టోబరు 16న బోస్టన్‌లో విలియం మోర్టన్ ఈథర్‌తో నొప్పి తెలియకుండా శస్త్రచికిత్స చేయించి చూపాక, అంతకంటే సులువైన మందు కోసం వేట మొదలైంది. ఎడిన్‌బరోలో కాన్పుల వైద్యుడు జేమ్స్ యంగ్ సింప్సన్ భోజనాల తర్వాత తన ఇంట్లోనే స్నేహితులతో కలిసి రకరకాల ద్రవాలు వాసన చూసేవాడు. 1847 నవంబరు 4 రాత్రి క్లోరోఫారం వంతు వచ్చింది. అతనూ, కీత్, డంకన్ అనే ఇద్దరు సహాయకులూ కబుర్లు చెప్పుకుంటూ చెప్పుకుంటూనే బల్ల కింద పడిపోయారు. తెలివి రాగానే సింప్సన్‌కు అర్థమైంది, వెతుకుతున్నది దొరికిందని. కొద్దిరోజుల్లోనే పురిటినొప్పుల గదిలోకి ఆ సీసా వెళ్ళింది.

వాసన తీపి. గొంతు మండదు. కొద్ది మందుకే మత్తు ఎక్కుతుంది. దీపం పక్కన పెట్టినా ఈథర్‌లా భగ్గుమనదు. మన దేశంలో అది పాతుకుపోవడానికి ఇంకో కారణం ఎండ. ఈథర్ 35 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరిగిపోతుంది. దక్కనులో మే నెల మధ్యాహ్నం 40 దాటుతుంది. మూత తీసిన ఈథర్ రోగి ముక్కు దాకా చేరేలోగా గదిలో కలిసిపోతుంది. క్లోరోఫారం 61 డిగ్రీల దాకా మరగదు. స్కాట్లండులో పుట్టిన మందు వేడి దేశాల్లో నిలదొక్కుకోవడంలో ఈ 61కి పెద్ద పాత్రే ఉంది.

అయితే సింప్సన్ ప్రకటన వెలువడి మూడు నెలలు తిరక్కుండానే మొదటి చావు వచ్చింది. న్యూకాజిల్ దగ్గర విన్లటన్ అనే ఊళ్ళో 1848 జనవరి 28న హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ అమ్మాయికి కాలి గోరు తీయాలి. అంతకుముందు మరో గోరు ఈథర్ ఇచ్చి తీశారు, ఏమీ కాలేదు. ఈసారి ఆ పిల్ల ముందునుంచీ భయపడుతూ, ఏడుస్తూ కూర్చుంది. గుడ్డ మీద క్లోరోఫారం పోసి పీల్పించారు. గోరు తీయడానికి కత్తి పెట్టారు. కాసేపట్లోనే పెదవులు పాలిపోయాయి. నోట్లో నీళ్ళు పోశారు, బ్రాందీ పోశారు. మొత్తం మూడు నిమిషాల వ్యవహారం. ఆ పిల్ల లేవలేదు.

అసలు తగవు ఆ శవం దగ్గరే మొదలైంది. క్లోరోఫారం తప్పు కాదు, నోట్లో పోసిన బ్రాందీ, నీళ్ళు ఊపిరికి అడ్డం పడ్డాయి అన్నాడు సింప్సన్. కాదు, చిక్కటి ఆవిరి నేరుగా గుండెను ఆపేసింది అన్నాడు లండన్‌లో జాన్ స్నో. కలరా నీటివల్ల వస్తుందని లెక్కలు కట్టి నిరూపించిన స్నో ఇతనే. గాలిలో క్లోరోఫారం పాలు ఎంతో కొలిచి ఇచ్చే పరికరం తయారుచేసిందీ, 1853 ఏప్రిల్ 7న విక్టోరియా రాణికి కాన్పు సమయంలో మందు ఇచ్చిందీ ఇతనే. రాణిగారే పీల్చిందని తెలిశాక ఇంగ్లండు ఇళ్ళలో ఆ సీసా మీద భయం చాలావరకు పోయింది. ఆపరేషన్ థియేటర్లలో మాత్రం చావులు ఆగలేదు.

ఎడిన్‌బరో శస్త్రవైద్యుడు జేమ్స్ సైమ్ తన శిష్యులకు ఒకటే సూత్రం నేర్పాడు: నాడి జోలికి పోవద్దు, రోగి ఊపిరి చూడండి. లండన్ వైద్యులు దీన్ని ఒప్పుకోలేదు, మణికట్టు మీద వేలు తీయవద్దన్నారు. అలా ఒక మందు రెండు సంప్రదాయాలుగా చీలింది. సైమ్ దగ్గర తయారైన ఎడ్వర్డ్ లారీ అనే వైద్యుడు బ్రిటిష్ రెసిడెన్సీ సర్జనుగా హైదరాబాదు వచ్చి, మెడికల్ స్కూలు పగ్గాలు పట్టుకున్నప్పుడు ఆ తగవు కూడా అతని వెంట దక్కనుకు వచ్చింది.

లారీ పద్ధతి సాదాగా ఉండేది. దూది పెట్టిన గుడ్డ గరాటు ఒకటి, మందు ఒకటి, రోగి ఛాతీ, పొట్ట కదలికల మీద చూపు ఒకటి. నాడి పట్టుకోవడం అతని దృష్టిలో అనవసరమే కాదు, ప్రమాదకరం కూడా. నాడి చూస్తున్న మనిషి ఊపిరి చూడడం మరిచిపోతాడని అతని వాదన. ఈ పద్ధతిలో ఎవరూ చనిపోవడం లేదని అతను గట్టిగా చెప్పేవాడు. చెప్పి ఊరుకోలేదు. 1888లో నిజాం ప్రభుత్వం చేత ఒక కమిషన్ వేయించాడు. వీధికుక్కలకు క్లోరోఫారం ఎక్కువగా ఇస్తూ పోతే ముందు ఆగేది ఊపిరా, గుండెకాయా అని చూశారు. ప్రతిసారీ ముందు ఆగింది ఊపిరే అని కమిషన్ తేల్చింది.

లండన్‌లో ‘లాన్సెట్’ వైద్య పత్రిక నమ్మలేదు. అప్పుడు జరిగిన పని నేటి పరిశోధకులకు కూడా ఆశ్చర్యం కలిగిస్తుంది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం వెయ్యి పౌండ్లు ఇస్తామంది. మీకు నమ్మకమైన మనిషిని మీరే పంపించండి, మా ఊళ్ళోనే పరీక్ష చేయండి అని పత్రికను పిలిచింది. ఒక సంస్థానం తన ఆసుపత్రిలో జరిగిన పరిశోధనను దాన్ని కొట్టిపారేసిన వాళ్ళ ఎదుటే మళ్ళీ చేయించడానికి డబ్బు పెట్టింది! లాన్సెట్ ఆ పిలుపు మన్నించి థామస్ లాడర్ బ్రంటన్‌ను పంపింది. అతను చిన్నవాడేమీ కాదు. గుండెనొప్పికి అమైల్ నైట్రైట్ పని చేస్తుందని 1867లో చూపించిన మనిషి.

1889 చివరి నెలల్లో రెండో హైదరాబాదు క్లోరోఫారం కమిషన్ పని మొదలుపెట్టింది. లారీ అధ్యక్షుడు, బ్రంటన్, బామ్‌ఫర్డ్, రుస్తుంజీ సభ్యులు. ఈసారి కంటితో చూసి ఊరుకోలేదు. రక్తపోటును కాగితం చుట్ట మీద గీతగా గీసే కైమోగ్రాఫ్ యంత్రాన్ని పెట్టారు. డిసెంబరులో బ్రంటన్ లండన్‌కు తంతి కొట్టాడు. దాని సారాంశం ఇది: కుక్కలు, గుర్రాలు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్ళు కలిపి 490 జంతువుల మీద పరీక్షలు జరిగాయి, 120 పరీక్షల్లో రక్తపోటు కొలిచారు, రికార్డులన్నిటికీ ఫోటోలు తీశారు, క్లోరోఫారంతో ప్రమాదమల్లా ఊపిరాడకపోవడం, మోతాదు మించడం, గుండె మీద నేరుగా ఏమీ లేదు.

ఆ తంతి ఇంగ్లీషు వైద్యలోకంలో పిడుగులా పడింది. గుండెకు ముప్పు ఉందని నమ్మి ఓడ ఎక్కిన మనిషే లేదని రాశాడు మరి. ఆ రోజుల్లో జంతువుల మీద పరీక్షలకు ఇవాళ్టిలాంటి నైతిక సంఘాల అనుమతులు లేవన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఇప్పుడు ఎవరైనా ఇన్ని వందల జంతువులతో ఇలాంటి ప్రతిపాదన తెస్తే మొదటి సమావేశంలోనే పక్కన పెట్టేస్తారు.

తర్వాత ఏమైంది? హైదరాబాదు తీర్పు నిలవలేదు.

1893లో కేంబ్రిడ్జిలో గాస్కెల్, షోర్ అనే ఇద్దరు ఒక తమాషా ఏర్పాటు చేశారు. ఒక జంతువు మెదడుకు రెండో జంతువు రక్తం అందేలా నాళాలు కలిపారు. క్లోరోఫారం మెదడుకు మాత్రమే చేరినప్పుడు రక్తపోటు పడిపోలేదు. గుండెకు చేరినప్పుడు పడిపోయింది. అంటే గుండె మీద మందు పని చేస్తోంది. హైదరాబాదు కాగితం చుట్టల మీద రక్తపోటు దిగుతూ పోయిన గీతలకు కమిషన్ చెప్పిన అర్థం సరైంది కాదన్నమాట.

అయినా అసలు ముడి విప్పింది మరొకరు. 1911లో లండన్‌లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద పరీక్షలు చేస్తూ వింత చూశాడు. మత్తు లోతుగా ఉన్నప్పుడు పిల్లి గుండె నిబ్బరంగా ఉంది. మత్తు పైపైన ఉన్నప్పుడు కొద్దిగా అడ్రినలిన్ ఎక్కిస్తే చాలు, గుండె కొట్టుకోవడం మానేసి వణకడం మొదలుపెట్టింది. జ్వరపు చలిలో పళ్ళు టకటకలాడినట్టు గుండె కండరం ఎక్కడికక్కడ వణుకుతుంది. ముందుకు మాత్రం చుక్క రక్తం కదలదు. ఇప్పుడు మనం వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ అంటున్నది అదే. హైదరాబాదులో కమిషన్ కూర్చున్న 1889లోనే అబర్డీన్‌లో జాన్ మెక్‌విలియం అనే శాస్త్రజ్ఞుడు మనుషుల హఠాన్మరణాలకు గుండె ఇలా వణకడమే కారణం కావచ్చని రాశాడు. ఆ మాట అప్పట్లో ఎవరి చెవికీ ఎక్కలేదు.

అడ్రినలిన్ పరీక్షశాల సీసాలోంచే రానక్కర్లేదు. భయపడితే మన ఒళ్ళే పుట్టిస్తుంది. నొప్పికీ పుట్టిస్తుంది. విన్లటన్‌లో ఏడుస్తూ కూర్చున్న ఆ పిల్లను మళ్ళీ తలుచుకోండి. భయంతో ఒళ్ళంతా అడ్రినలిన్. సగం ఎక్కిన మత్తు. అదే క్షణంలో కాలి మీద కత్తి. గోరు తీయడం, పన్ను పీకడం లాంటి చిన్న పనుల్లోనే, అదీ మొదటి నిమిషాల్లోనే అన్ని చావులు ఎందుకు వచ్చాయో లెవీ పరీక్షతో అర్థమైంది. చిన్న పనే కదా, ఎక్కువ మందు ఎందుకని వైద్యుడు మత్తు తక్కువ ఇచ్చేవాడు. జాగ్రత్త అనుకున్నదే యముడైంది.

మరి హైదరాబాదులో అది ఎందుకు కనపడలేదు? వందల జంతువులు, మంచి యంత్రం, నిజాయితీగల మనుషులు. లోపం పరికరంలో లేదు, ప్రశ్నలో ఉంది. ‘మందు ఎక్కువైతే ముందు ఏది ఆగుతుంది?’ అని వాళ్ళు అడిగారు. ఆ ప్రశ్నకు వచ్చిన జవాబు తప్పు కాదు. మందు ఆపకుండా ఇస్తూ పోతే మత్తు లోతుకు దిగుతుంది. ఆ లోతులో ముందు ఆగేది ఊపిరే. ‘మత్తు తక్కువగా ఉన్నప్పుడు ఏం జరుగుతుంది?’ అన్నది అడగవలసిన ప్రశ్న. అది ఎవరికీ తట్టలేదు. రోగికి నిలకడగా, లోతుగా మందు ఇచ్చే లారీ పనితీరు వల్ల అతని థియేటర్లో ఆ ప్రమాదం అరుదుగా ఎదురయ్యేది. తన అనుభవం నిజమే కాబట్టి తన సిద్ధాంతమూ నిజమని అతను నమ్మాడు. మొండివాడు కూడా. సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ మలేరియా రహస్యం తేల్చిన రోజుల్లో అసలు మలేరియా క్రిమి అన్నదే లేదని వాదించినవాడూ ఈ లారీయే.

అంత మాత్రాన హైదరాబాదు కమిషన్ వృథా అనడం అన్యాయం. మత్తులో ఉన్న రోగి ఊపిరి మీదినుంచి చూపు మరల్చకూడదన్న పాఠాన్ని అది పరీక్షలతో సహా గట్టిగా చెప్పింది. నాలుక వెనక్కి పడి గొంతు మూసుకుపోవడం, దవడ పైకెత్తి దారి తెరవడం మత్తువైద్యంలో చేరిన ప్రతి విద్యార్థికీ ఇప్పటికీ మొదటి పాఠమే. ఆడపిల్లలను వైద్యవిద్యలోకి రానిచ్చి, వాళ్ళ చేతికి క్లోరోఫారం సీసా అందించిన ఘనత కూడా లారీదే. రూపాబాయి వంటి విద్యార్థిని థియేటర్లో రోగి తల దగ్గర నిలబడడం ఆనాడు లండన్ ఆసుపత్రుల్లో కూడా అరుదైన దృశ్యం.

క్లోరోఫారం తర్వాతి కథ చిన్నది. గుండెతో పాటు కాలేయాన్ని కూడా దెబ్బతీస్తుందని, ఆపరేషన్ అయిన కొన్ని రోజుల తర్వాత కూడా రోగులు చనిపోవచ్చని తెలిసింది. 1950ల్లో ఇంగ్లండులో చార్లెస్ సక్లింగ్ హాలోథేన్ అనే మత్తుమందు తయారుచేశాడు. 1956 నుంచి అది థియేటర్లలోకి వచ్చింది. ఫ్లోరిన్ చేర్చిన ఈ మందు మండదు, క్లోరోఫారం కంటే సురక్షితం. అడ్రినలిన్ తగిలితే గుండె లయ తప్పే గుణం దీనిలోనూ కొంత ఉంది. దాని తర్వాత వచ్చిన ఐసోఫ్లురేన్, సీవోఫ్లురేన్‌లలో ఆ గుణం బాగా తగ్గింది. ఇవాళ పసిపిల్లలకు మాస్కు పెట్టి మత్తు ఇస్తున్నది ఎక్కువగా సీవోఫ్లురేన్‌తోనే.

క్లోరోఫారం మాత్రం మాయమైపోలేదు. కణాల నుంచి డీఎన్ఏ వేరుచేసే ప్రయోగశాలల్లో ఫినాల్ పక్కన ఇప్పటికీ నిలబడే ఉంది. క్లోరిన్ కలిపిన కొళాయి నీళ్ళలో, ఆకులు అలములు కుళ్ళిన పదార్థంతో క్లోరిన్ కలిసి, అతి కొద్ది పాళ్ళలో అది తనంతట తానే పుడుతుంది. మున్సిపాలిటీలు దాన్ని కొలిచి, హద్దు దాటకుండా చూస్తాయి.

అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి 1908 సెప్టెంబరు మూసీ వరదల్లో కొట్టుకుపోయింది. ఆ చోటనే తర్వాత ఉస్మానియా ఆసుపత్రి లేచింది. హైదరాబాదు మెడికల్ స్కూలు ఉస్మానియా వైద్య కళాశాల అయింది. ఆ ఆసుపత్రిలో ఇవాళ ఏ ఆపరేషన్ థియేటర్లోకి వెళ్ళినా రోగి తల వైపు ఒక తెర కనిపిస్తుంది. పైన పచ్చగీత గుండె లయ. దాని కింద వేలికి తగిలించిన క్లిప్పు చెప్పే ఆక్సిజన్ అంకె. జపాన్‌లో తకువో అయోయాగి 1974లో వెలికితెచ్చిన సూత్రమది. ఇంకో గీత రోగి వదిలే బొగ్గుపులుసు గాలి, అంటే ఊపిరి. లండన్ అడిగిన నాడి, ఎడిన్‌బరో అడిగిన ఊపిరి ఒకే తెర మీద పక్కపక్కన నడుస్తుంటాయి. వాటిలో ఏదో ఒకటి చాలని ఇప్పుడు ఏ మత్తువైద్యుడూ అనడు.

అయినా విన్లటన్ పిల్లను ముంచిన భయం ఇంకా థియేటర్ గుమ్మం దగ్గరే ఉంది. ‘మత్తు ఇస్తే మళ్ళీ లేస్తానా డాక్టరుగారూ?’ అని మన ఊళ్ళలో అడగని రోగి ఉండడు. ఆ ప్రశ్నను నవ్వి కొట్టిపారేయకండి అని ఇక్కడ కూర్చున్న వైద్య విద్యార్థులకు ఒక మనవి. రెండు నిమిషాలు కూర్చుని జవాబు చెప్పండి; అవసరమైతే భయం తగ్గించే మందు ముందే ఇవ్వండి. మిగతావారికి ఇంకో మనవి. ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరు వచ్చి అడిగే ప్రశ్నలకు దాచకుండా జవాబు చెప్పండి. గతంలో మత్తు ఇచ్చినప్పుడు ఏమైనా అయిందా, ఇంట్లో ఎవరికైనా అయిందా, చుట్టా బీడీ అలవాటు ఉందా, ఏ మాత్రలు వేసుకుంటున్నారు, కదిలే పన్ను ఉందా, చివరిసారి ఏం తిన్నారు, ఎన్ని గంటలకు తిన్నారు. ‘పొద్దున కాస్త కాఫీనే కదా’ అని మింగేయకండి. ఆ కాఫీ సంగతి ఆయనకు తెలియాలి.